స్టీమరు పోలవరంలో ఆగుతుంది

ఆదోని,
10-7-1955

సౌభాగ్యవతి దేవకికి వదిన తులసి దీవెనలు.

నీ ఉత్తరం అందింది. నేను బాగానే ఉన్నాను. బడి ఉన్నన్నాళ్ళూ నాకేమీ దిగులు లేదు. నలభైమంది ఆడపిల్లలు అరుస్తుంటే దిగులు పడటానికి తీరిక ఎక్కడిది? బడి లేని రోజే కష్టం. పొద్దున లేచింది మొదలు సాయంత్రం దాకా నోరు విప్పే పని ఉండదు. మొన్న సెలవునాడు పాలామె వచ్చి పిలిస్తే జవాబు చెప్పబోయాను, గొంతు పెగల్లేదు. నాకే నవ్వు వచ్చింది.

సరే, అసలు సంగతి ఇది. మా సంతోషమ్మ టీచరును ఉగాదికి వచ్చినప్పుడు చూశావు కదా, పొడుగ్గా ఉంటుంది, గోనెగండ్ల ఊరివాళ్ళు, క్రైస్తవులు. ఆమె అన్న గిడ్డయ్య రాజమండ్రి పక్కన ధవళేశ్వరంలో ఫిట్టరు పని చేస్తున్నాడు. అక్కడ పాతకాలం చక్రాల స్టీమరు ఒకటి, రెండేళ్ళ కిందటి గోదావరి వరదకు గట్టు మీదికి కొట్టుకువచ్చి బురదలో పడి ఉండిందట. దాన్నిప్పుడు బాగుచేస్తున్నారట. ఆమె చెప్పిన మాటలే రాస్తాను, విను.

“టీచరమ్మా, దానికి రెండు పక్కలా ఇంటెత్తు చక్రాలుండాయంట. నీళ్ళను తోసుకుంటా పోతాదంట. మా యన్నోళ్ళు బాయిలరు దించి మళ్ళా ఎక్కిచ్చినారు, పలకలన్నీ కొత్త టేకుతో ఏసినారు. దసరాకు జనాల్ని ఎక్కిచ్చుకోని రాజమండ్రి నుంచి భద్రాచలం దంకా పోతాదంట. యాత్రకని కాదు, ఊరికే, నదిని చూసేకి! మనమూ పోదాం రా.”

ఊరికే నదిని చూడటానికి పోవడమనే మాట నేను ఎప్పుడూ వినలేదు దేవకీ. మనవాళ్ళు నదికి పోతే స్నానానికి పోతారు, లేకుంటే కర్మలకు పోతారు. నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. మంత్రాలయం మెట్ల మీద నుంచి తుంగభద్రను చూడటం తప్ప మరో నదిని ఎరగను. వెళ్ళాలని మనసు పడింది. నువ్వూ రావాలి. దసరా సెలవులు పది రోజులు ఉన్నాయి. మీ ఆయనను నువ్వే అడుగుతావా, నేను రాయనా?

నీ వదిన,
తులసి


ఎమ్మిగనూరు,
19-7-1955

వదినకు దేవకి నమస్కారాలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివినాను. మూడోసారి చదువుతుంటే పొయ్యి మీద పాలు పొంగిపోయినాయి. ఏమైనా సరే, నేను వస్తాను!

ఈయన మఠంలో పురాణం ముగించుకొని వచ్చినాక, భోజనమంతా అయ్యేదాకా ఆగి అడిగినాను. తాంబూలం పళ్ళెం దగ్గరికి లాక్కున్నారు. తరువాత, “స్టీమరులో మడి యెట్ల జరుగుతాదే? బాయిలరు నీళ్ళతో వండుతావా?” అన్నారు. నేను నవ్వలేదు. నవ్వితే పని చెడుతుంది. “వదిన అన్నీ చూసుకుంటాదంట” అన్నాను. వద్దని మాత్రం అనలేదు. ఈయన దగ్గర వద్దనకపోవడమే పెద్ద మాట.

నీకు బడిపిల్లలైనా ఉన్నారు వదినా. మా వీధిలో తెల్లవారకముందే మగ్గాలు మొదలవుతాయి. ప్రతి ఇంట్లోనూ చప్పుడే. మా ఇంట్లో మాత్రం నేను చెంబు కింద పెడితే ఆ చప్పుడు వినపడుతుంది. ఈయన రోజులో సగం మౌనం, మిగతా సగం మఠం. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు అయింది. ఈ ఊరు దాటి నాలుగు రాత్రులు ఎక్కడైనా ఉంటానా అని ఎప్పుడూ అనుకోలేదు.

స్టీమరు ఎన్ని రోజులు పోతుంది? ఎక్కడెక్కడ ఆగుతుంది? పడుకోవడానికి ఆడవాళ్ళకు వేరే చోటు ఉంటుందా? అన్నీ విడమరిచి రాయి. ఈయనకు చదివి వినిపించాలి.

దేవకి


ఆదోని,
3-8-1955

సౌభాగ్యవతి దేవకికి దీవెనలు.

మీ ఆయనకు వినిపించడానికి వీలుగా వరుసగా రాస్తున్నాను. అక్టోబరు పదహారున ఇక్కడ రైలెక్కుతాం. గుంతకల్లులో మారి బెజవాడ, అక్కడ మళ్ళీ మారి రాజమండ్రి. స్టీమరు పంతొమ్మిదో తేదీ పొద్దున పది గంటలకు బయలుదేరుతుంది. వెనకవైపు ఆడవాళ్ళకు తెర కట్టిన గది ఉంది. వంటకు ఒక మూల ఇస్తారు, కుంపటి మనమే తీసుకుపోవాలి. నీళ్ళు నదివే, మన రాగిబిందెతో మనమే ముంచుకోవచ్చు. పేలపిండి, అటుకులు, చట్నీపొడి నేను చేసి తెస్తాను. నువ్వు చింతపండు గొజ్జు చెయ్యి, నీ చేతి గొజ్జు నాలుగు రోజులైనా చెడదు. సంతోషమ్మ వంట వేరు, పడక వేరు. “మీ మడి మీది, మా రొట్టె మాది. నదైతే అందరిదీ గదా” అంటోంది.

గిడ్డయ్య మళ్ళీ రాశాడట. పోయిన వారం స్టీమరును నీటిలోకి దింపి నడిపి చూశారు. ఎడమ చక్రం పలకలు రెండు ఊడిపోయి, స్టీమరు ముందుకు పోకుండా నడిమి గోదావరిలో గానుగెద్దులాగా గుండ్రంగా తిరిగిందట. రేవులో బట్టలుతికే వాళ్ళంతా నవ్వారట. ఇప్పుడు ఇనుప పట్టీలు వేసి బిగించారు, భయం లేదు.

మొదటి రోజు సాయంత్రానికి పోలవరం. రాత్రి అక్కడ ఆగుతుంది, కావలసినవాళ్ళు దిగి ఊరు చూసి రావచ్చునట. మరునాడు పాపికొండల మధ్య నుంచి కూనవరం. మూడోనాటికి భద్రాచలం.

మూడు టిక్కెట్లకు చెప్పేశాను. నిన్న పిల్లలకు ‘ఓడ’ అనే మాటకు అర్థం చెబుతూ బోర్డు మీద చక్రాల స్టీమరు బొమ్మ వేశాను. పిల్లలు దాన్ని రోడ్డురోలరు అనుకున్నారు.

తులసి


ఎమ్మిగనూరు,
13-8-1955

వదినకు నమస్కారాలు.

నేను రాలేను. నువ్వు కూడా పోవద్దు.

ఈయనకు ఇష్టం లేదు. నాకు నడుము నొప్పిగా ఉంది. మరమ్మత్తు చేసిన పాత ఓడను నమ్మి నదిలోకి పోవడం తెలివిగల పని కాదు. ఆ వైపంతా చలిజ్వరాలు ఎక్కువని మఠానికి వచ్చినవాళ్ళు చెప్పినారు. మగదిక్కు లేకుండా ముగ్గురు ఆడవాళ్ళు అంత దూరం పోతే నలుగురూ ఏమనుకుంటారు?

టిక్కెట్లు వద్దని చెప్పు. దసరాకు నువ్వే ఇక్కడికి రా, మంత్రాలయం పోదాం.

దేవకి


ఆదోని,
22-8-1955

దేవకికి,

నీ ఉత్తరంలో ఐదు కారణాలు రాశావు. ఒక్కటే రాసి ఉంటే నమ్మేదాన్ని.

పోయిన నెల పాలు పొంగించుకున్న మనిషివి, ఈ నెల ఇట్లా ఎందుకు రాశావో నాకు తెలియలేదు. నా మాటల్లో ఏదో నిన్ను భయపెట్టింది. నేను కూడా నీకు అన్నీ చెప్పలేదు కనుక నిన్ను తప్పుపట్టను. ఇప్పుడు చెబుతాను.

నేను నది చూడటానికే పోవడం లేదు.

మీ అన్న ఇల్లు విడిచిన ఏడాది, 1943లో, నాకొక కార్డు వచ్చింది. ఎవరికీ చూపలేదు, నీకు కూడా. ‘కలప కంట్రాక్టరు దగ్గర పని దొరికింది. ఇల్లు చూసి పిలిపిస్తాను’ అని రెండే వాక్యాలు. కార్డు మీద పోలవరం ముద్ర. ఆరు నెలలు పెట్టె సర్దుకునే ఉన్నాను. ఆ తరువాత మా అన్న నన్ను బళ్ళారిలో టీచరు ట్రైనింగులో చేర్పించాడు. మీ అన్న యుద్ధానికి పోయారని ఒకరు, సన్యాసం పుచ్చుకున్నారని ఒకరు అనేవారు. అననిచ్చాను. కార్డు సంగతి చెబితే, మొగుడు పిలవని పెళ్ళాం అంటారని భయం.

పన్నెండేళ్ళుగా బొట్టు పెట్టుకుంటున్నాను. నోములకు నన్ను పిలుస్తారు. పిలిచి, తాంబూలం ఇచ్చే ముందు ఒక్క క్షణం ఆగుతారు. ఆ ఒక్క క్షణం ఎట్లా ఉంటుందో నీకు చెప్పలేను. ఆయన ఉంటే ఉన్నారని, లేకుంటే లేరని ఎవరైనా నాకు ఒక్కసారి చెప్పాలి. స్టీమరు పోలవరంలో ఆగుతుందని సంతోషమ్మ చెప్పగానే అందుకే సరేనన్నాను. నువ్వు పక్కనుంటే అడిగే ధైర్యం వస్తుందనుకున్నాను.

నువ్వు రాకపోయినా నేను పోతాను.

తులసి


ఎమ్మిగనూరు,
4-9-1955

వదినా,

ఇది చదివి చించెయ్యి.

అన్న లేడు. పోయిన ఏడాది ఫిబ్రవరిలో పోలవరంలోనే ఆరు రోజులు జ్వరం వచ్చి పోయినాడు.

నేను మొదటి నుంచీ చెబుతాను. అన్న నాకు 1947లో మొదటిసారి రాసినాడు. తరువాత ఏడాదికి ఒకటో రెండో ఉత్తరాలు వచ్చేవి. పోస్టు మద్దయ్య పెరటివాకిట్లో నా చేతికే ఇచ్చేవాడు. పోలవరం రేవులో భోజన హోటలు నడిపే వీరమ్మ అనే ఆమెతో ఉంటున్నానని రాసినాడు. ‘తులసికి చెప్పవద్దు, నాకు మొహం లేదు’ అని ప్రతి ఉత్తరంలోనూ రాసేవాడు. నేను చెప్పలేదు. అన్న పోయినాడని వీరమ్మే ఎవరి చేతనో రాయించి పంపింది. ఆ రోజు కుక్క ముట్టుకున్నదని ఈయనకు అబద్ధం చెప్పి తలమీద నీళ్ళు పోసుకున్నాను. ఇంట్లో ఏడవడానికి కూడా లేకపోయింది. ఈయనకు నేటికీ తెలియదు.

నీకెందుకు చెప్పలేదని అడుగుతావు. మా పెద్దమ్మ కూతురు పద్మక్క సంగతి నువ్వు వినే ఉంటావు, కానీ చూసినదాన్ని నేను. అక్కకు పంతొమ్మిదేళ్ళు. బావ పోయిన పదోరోజు పెరట్లో పీట వేసి కూర్చోబెట్టినారు. బజారి అనే మంగలి చేతులు కడుక్కొని వచ్చినాడు. పాపం, అతనికీ కళ్ళలో నీళ్ళు. అక్క ఏడవలేదు. వెంట్రుకలు రాలుతుంటే కింద పడకుండా ఒడిలో పట్టుకుంది. ఆ తరువాత ఇరవై ఏళ్ళు బతికింది గానీ మళ్ళీ ఎవరి ముఖమూ నేరుగా చూడలేదు.

అన్న పోయినాడని నేను నోరు విప్పితే, ఈయనే ముందు నిలబడి ఆ పీట వేయిస్తారు. బొట్టుతో బడికి పోయి పాఠం చెప్పే నిన్ను ఆ పీట మీద చూడలేకపోయినాను. ఆ వారమే నువ్వు రథోత్సవానికి వచ్చినావు. నేనే నీకు కుంకుమ పెట్టినాను. నా చెయ్యి వణికితే నువ్వు చలి అనుకొని శాలువ కప్పినావు.

తప్పు చేసినాను. ఇంకోసారి ఆ సమయమే వస్తే మళ్ళీ అదే చేస్తానేమో. పోలవరం పోవద్దు వదినా. ఇప్పటికి మనిద్దరికే తెలుసు.

దేవకి


ఎమ్మిగనూరు,
6-10-1955

వదినా,

నెల దాటింది. నీ దగ్గర నుంచి ఒక్క ముక్క లేదు.

పోయిన బుధవారం ఈయన మఠానికి పోగానే బస్సెక్కి ఆదోనికి వచ్చినాను. నీ ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటి హులిగమ్మ, “టీచరమ్మ బడికి పోయింది తల్లీ. నువ్వు వస్తావని మాకేమీ సెప్పలేదే” అని వాళ్ళ అరుగు మీద కూర్చోబెట్టింది. నాలుగు గంటల దాకా చూసినాను. పత్తిమిల్లు కూత కూసింది, కూలివాళ్ళు తలల మీద దూది పింజలతో ఇళ్ళకు వచ్చినారు. నువ్వు రాలేదు. ఆఖరి బస్సు తప్పిపోతుందని లేచినాను.

ఇవి పితృపక్షం రోజులు. ఈయన తెల్లవారి లేచి తమ తండ్రికీ తాతకూ నువ్వులూ నీళ్ళూ వదులుతున్నారు. ఆ పేర్లన్నీ వింటూ అరటాకులు తుడుస్తూ ఉంటాను. అన్న పేరు అందులో లేదు. ఉండాలని అడగడానికి నాకు నోరు లేదు.

తిట్టు వదినా. కార్డు మీద అయినా సరే తిట్టి రాయి.

దేవకి


పోలవరం దాటిన తరువాత,
స్టీమరు మీద నుంచి,
20-10-1955

దేవకికి,

ముందు ఒక మాట. నువ్వు ఆదోనికి వచ్చిన రోజు నేను నిన్ను చూశాను. వీధి మలుపు తిరగగానే హులిగమ్మ అరుగు మీద నువ్వు కనిపించావు. చేతిలో సంచి పెట్టుకొని, చెప్పులు విప్పి పక్కన పెట్టుకొని కూర్చున్నావు. వెనక్కి తిరిగి బడికి పోయాను. ఖాళీ తరగతిలో చీకటి పడేదాకా కూర్చున్నాను. నీతో ఏం మాట్లాడాలో తెలియలేదు.

ఇప్పుడు రాయగలను. ఈ స్టీమరు గురించి గిడ్డయ్య చెప్పిందంతా నిజమే. చక్రాలు తిరుగుతుంటే నీళ్ళు రెండు పక్కలా తెల్లగా లేస్తాయి, కాళ్ళ కింద పలకలు సన్నగా అదురుతూనే ఉంటాయి. ముందర ఒకతను పొడవాటి గడతో లోతు చూసి పాటలాగా కేక వేస్తాడు. ఆ కేకను బట్టి స్టీమరు తల తిప్పుతుంది. రాజమండ్రి నుంచి అందరూ పిల్లాపాపలతో ఎక్కారు. నీ టిక్కెట్టు చోటులో నా రాగిబిందె కూర్చుంది.

నిన్న సాయంత్రం పోలవరం చేరాం. నేను దిగలేదు. ఇవాళ తెల్లవారగానే సంతోషమ్మ, “టీచరమ్మా, పోతావా? పోకున్నా ఏం కాదు. పోతే మాత్రం నేను ఎంట వస్తా” అంది. ఇద్దరం దిగాం.

రేవు పైనే తాటాకుల పాక. ఒక నలభై ఏళ్ళ మనిషి వాకిట్లో కూర్చొని విస్తళ్ళు కుడుతోంది. నన్ను చూసి, “భోజనానికాండీ? ఇంకా పొయ్యి వెలిగించలేదండీ” అంది.

“సేతుమాధవరావు గారి ఇల్లు ఇదేనా?”

“ఇదేనండీ. ఆయన పోయి ఏడాదిన్నర దాటిందండీ.” అని నా ముఖం పట్టి చూసింది. “మీరు ఆ ఎమ్మిగనూరు చెల్లెలుగారా?”

అవునని అనేయవచ్చు. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా. “కాదమ్మా. నేను ఆయన భార్యను” అన్నాను.

వీరమ్మ చేతిలోని ఈనెపుల్ల అట్లాగే ఆగిపోయింది. చాలాసేపు నా బొట్టు వైపు, మెడ వైపు చూసింది. “పెళ్ళాం పురిట్లో పోయిందని చెప్పారండీ నాకు” అంది. “ఆ అమ్మ పేరు చెప్పి ఏటా ఒక బ్రాహ్మణ ముత్తయిదువకు చీర కూడా పెట్టించేవారండీ. నేనే కొని తెచ్చేదాన్ని.”

దేవకీ, ఆ మాటకు నాకు ఏడుపు రాలేదు. నవ్వు రాలేదు. సంతోషమ్మ పట్టుకొని ఆ విస్తళ్ళ పక్కనే కూర్చోబెట్టింది. వీరమ్మ లోపలికి పోయి కాఫీ కలుపుకొని వచ్చి, ఇవ్వాలో వద్దో తెలియక గడపలోనే నిలబడింది. “మా చేత్తో తాగుతారో లేదో” అంది. తాగాను. ఆమె నాకేమీ చేయలేదు. ఆమెను కూడా మోసం చేశారు. జ్వరంలో ఆయన ఆరు రోజులూ చిన్ననాటి ఇంటిభాష కన్నడంలోనే మాట్లాడారట. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదట. “నన్నేమైనా అడిగారేమోనండీ, నేను ఇవ్వలేకపోయాను” అని ఆమె ఏడ్చింది. నేను ఆమె భుజం మీద చెయ్యి వేశాను. ఇంతలో స్టీమరు కూత వేసింది.

పాపికొండల దగ్గర నది సన్నబడింది. రెండు వైపులా కొండలు మీదికి వచ్చాయి. అందరూ ముందువైపుకు పోయి పిల్లలకు చూపిస్తున్నారు. అప్పుడు వచ్చింది ఏడుపు. సంతోషమ్మ నాకు అడ్డంగా నిలబడి, ఎవరూ చూడకుండా కొంగు పట్టింది. నేను ఏడ్చింది ఆయన కోసం కాదనుకుంటాను. పెట్టె సర్దుకొని ఆరు నెలలు కూర్చున్న ఆ ఇరవై ఆరేళ్ళ పిల్ల కోసం. ఆమెను ఎవరూ వచ్చి లెమ్మనలేదు.

ఇప్పుడు నీకు చెప్పవలసింది. నదినీళ్ళతో నేనే బొట్టు కడుక్కున్నాను. మంగళసూత్రం తీసి పెట్టెలో పెట్టాను. ఎవరో పీట వేసి తీయించలేదు, నేనే తీశాను. తల మాత్రం తీయించుకోను. సెలవులయ్యాక బడి తెరుస్తారు, నేను జడతోనే పోతాను. పిల్లలు అడిగితే చెబుతాను.

మీ ఆయనకు నువ్వు చెప్పెయ్యి. ఈ అబద్ధం మోస్తూ ఆ ఇంట్లో ఒక్కదానివే తిరగవద్దు. జుట్టున్న విధవ గడప తొక్కకూడదనీ, ఆమె చేతి వంట ముట్టకూడదనీ వారు అంటారు. తెలుసు. నేను మీ ఇంటికి రాను.

నీ మీద కోపం పోలేదు. నువ్వు నన్ను కాపాడావు, నన్ను మోసం కూడా చేశావు. ఈ రెండూ నాలో ఇంకా సర్దుకోలేదు. కొంతకాలం పడుతుంది.

తులసి


ఎమ్మిగనూరు,
2-11-1955

వదినకు దేవకి నమస్కారాలు.

నీ ఉత్తరం మద్దయ్య ఎప్పటిలాగే పెరటివైపు తెచ్చినాడు. “ఇంకమీద ముందర వాకిటికే తెచ్చియ్యి మద్దయ్యా” అని చెప్పినాను.

ఈయనకు నిన్న చెప్పినాను. మొదటి నుంచీ చివరిదాకా, కుక్క ముట్టుకున్నదని ఆడిన అబద్ధంతో సహా. విని చేతిలోని పుస్తకం మూసి పక్కన పెట్టినారు. తరువాత, “ఏడాదిన్నరగా నాతో అబద్ధమాడి, ఆ చేత్తోనే దేవునికి వండి పెట్టినావా?” అన్నారు. మళ్ళీ కాసేపటికి, “మీ వదిన తల తీయించుకోకుండా ఈ గడప తొక్కేకి లేదు. నువ్వు ఆమె చేతి నీళ్ళు గూడా ముట్టేకి లేదు. ముట్టితే నీ చేతి వంట నేను తినను” అన్నారు. కోపంగా అనలేదు. మఠంలో శ్లోకానికి అర్థం చెప్పినట్టు చెప్పినారు.

రాత్రంతా ఆలోచన చేసినాను. పద్మక్క బతికిన ఇరవై ఏళ్ళలో, ఒక్కరోజు కూడా నేను ఆమె పక్కన కూర్చొని అన్నం తినలేదు. తినాలని ఎవరూ చెప్పలేదు, నాకూ తోచలేదు.

ఆదివారం మొదటి బస్సుకు ఆదోనికి వస్తున్నాను. ఈయనకు చెప్పే వస్తున్నాను. నీ చేత వండించుకొని, నీ పక్కన కూర్చొని తింటాను. సాయంత్రం ఇంటికి వచ్చి, తిన్నానని ఈయనకు చెబుతాను. ఆ తరువాత ఏమవుతుందో నాకు తెలియదు.

నీ కోపం పోయేదాకా ఆగమని రాయవద్దు. కోపంతోనే వడ్డించు.

దేవకి